వరుస చివర ఏముందో అట్ట మీదే రాద్దాం

2025 సెప్టెంబరు 22, సోమవారం. నవరాత్రులు మొదలైన రోజు. ఒడిశాలోని బరంపురంలో మేం బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చూసే ఒక రెడీమేడ్ బట్టల హోల్‌సేల్ దుకాణం నుంచి పొద్దున్న పదకొండింటికి ఫోనొచ్చింది. "బాబూ, కొత్త రేటు ఇవాళ్టి నుంచే కదా? బిల్లులో ఇంకా పన్నెండే పడుతోందేంటి?" అన్నారు షావుకారు గారు. వెనకాల దుకాణం సందడి వినిపిస్తోంది. దసరా సరుకు కోసం ఛత్రపురం, అస్కా, ఇటు ఇచ్ఛాపురం నుంచి కూడా చిన్న దుకాణాల వాళ్లు వచ్చి ఉన్నారు.

జీఎస్టీ శ్లాబులు మారింది ఆ రోజే. అంతకుముందు వెయ్యి రూపాయలు దాటిన రెడీమేడ్ బట్టకు 12 శాతం పన్ను ఉండేది. ఆ రోజు నుంచి 2,500 రూపాయల దాకా 5 శాతమే. 1,500 రూపాయల చుడీదార్ సెట్టు పాత లెక్కన 1,680 అవుతుంది, కొత్త లెక్కన 1,575. సెట్టుకు 105 రూపాయలు తేడా. పది సెట్లు కొనుక్కుపోయే చిన్న వ్యాపారికి అది ఆటో ఖర్చు, భోజనం ఖర్చు.

ముందు రోజు రాత్రే మేం కొత్త వెర్షన్ బిల్డ్ చేశాం, అంటే రాసిన కోడ్‌ను నడిచే ప్యాకేజీగా కట్టాం. పాసైంది. సర్వర్‌లోకి ఎక్కించాం. అదీ పాసైంది. ఎక్కడా ఎర్ర అక్షరం లేదు. మరి పాత రేటు ఎలా పడుతోంది?

గంటన్నర వెతికాక దొరికింది. సర్వర్‌లో "రిలీజ్" అనే ఫోల్డర్లు రెండున్నాయి. ఒకే చోట, ఒకే పేరుతో రెండు ఫోల్డర్లు ఉండటం కుదరదు. అయినా కళ్ల ముందు రెండున్నాయి. ఒకదాంట్లో పాత ప్యాకేజీ, ఇంకోదాంట్లో రాత్రి తయారైన కొత్త ప్యాకేజీ. కమాండ్ ఇచ్చి లిస్టు అడిగితే అప్పుడు బయటపడింది. రెండోదాని పేరు కొటేషన్లలో ఉంది, చివర ఒక వెనక స్లాష్, దాని పక్కన ఆర్ అక్షరం. అంటే ఆ పేరు చివర కంటికి కనిపించని ఒక అక్షరం అతుక్కుని ఉంది. దాని పేరు క్యారేజ్ రిటర్న్. దాన్ని సీఆర్ అంటాం.

జరిగింది ఇదీ. మేం ముగ్గురం. నేను బరంపురంలో, ఒక తమ్ముడు పర్లాకిమిడిలో, ఇంకొకరు విశాఖలో. పర్లాకిమిడి తమ్ముడిది విండోస్ ల్యాప్‌టాప్, విశాఖ ఆవిడది మ్యాక్, నాదీ సర్వర్‌దీ లినక్స్. కొత్త రేట్ల కోసం తమ్ముడు కొత్త సెట్టింగ్స్ ఫైలు ఒకటి తయారుచేశాడు. వెర్షన్ నంబరు, ప్యాకేజీ ఏ ఫోల్డర్‌లో పెట్టాలి లాంటివి అందులో ఉంటాయి. విండోస్‌లో పుట్టిన ఫైలు కాబట్టి ప్రతి లైను చివర సీఆర్, ఎల్ఎఫ్ అని రెండు అక్షరాలు పడ్డాయి. ఎల్ఎఫ్ అంటే లైన్ ఫీడ్. లినక్స్‌కు లైను అయిపోయిందనడానికి ఎల్ఎఫ్ ఒక్కటే గుర్తు. దాని ముందున్న సీఆర్ దాని దృష్టిలో మామూలు అక్షరమే, కాబట్టి ఫోల్డర్ పేరులో భాగమైపోయింది. బిల్డ్ స్క్రిప్ట్ నిజాయితీగా ఆ పేరుతో కొత్త ఫోల్డర్ చేసి, కొత్త ప్యాకేజీని అందులో పెట్టింది. సర్వర్‌లోకి ఎక్కించే స్క్రిప్ట్ మాత్రం ఫోల్డర్ పేరును సెట్టింగ్స్ నుంచి తీసుకోదు. దాంట్లో పేరు నేరుగా రాసి ఉంది. అది పాత ఫోల్డర్ దగ్గరికి వెళ్లి పాత ప్యాకేజీనే మళ్లీ ఎక్కించింది. ఎవరి పని వాళ్లు సరిగ్గానే చేశారు.

ఆ రాత్రి స్క్రీన్ మీద ఒక సూచన వచ్చింది కూడా. "ఫోల్డర్ ఫలానా సిద్ధం" అని రావాల్సిన లైను కలగాపులగంగా వచ్చింది. చివరి మాట వెళ్లి మొదటి మాట మీద పడింది. సీఆర్ చేసేది అదే కదా, కర్సర్‌ను లైను మొదటికి తీసుకుపోతుంది. నేను చూశాను. టెర్మినల్ ఏదో తడబడిందనుకుని పట్టించుకోలేదు. ఇప్పటికీ నన్ను బాధపెట్టేది అదే.

మధ్యాహ్నానికి సరిచేశాం. అప్పటికే ముప్పై పైచిలుకు బిల్లులు వెళ్లిపోయాయి. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, క్రెడిట్ నోట్లు ఇచ్చి, తేడా వెనక్కి ఇచ్చారు షావుకారు గారు. ఇచ్ఛాపురం వాళ్లది వేరే రాష్ట్రం కాబట్టి వాళ్ల నోట్లు రాష్ట్రాల మధ్య అమ్మకాలకు వర్తించే ఐజీఎస్టీ కింద విడిగా చేయాల్సి వచ్చింది. పండగ మొదటి రోజు ఆయన గుమాస్తాలిద్దరు ఆ పని మీదే కూర్చున్నారు. ఆయన మమ్మల్ని ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేదనిపించింది.

తమ్ముడు ఆ సాయంత్రం ఫోన్ చేసి, "అన్నా, తప్పు నాదే, కొత్త ల్యాప్‌టాప్‌లో గిట్ సెట్టింగ్ సరిగ్గా పెట్టుకోలేదు" అన్నాడు. (గిట్ అంటే మేం రాసే ఫైళ్లను, వాటి మార్పులను ఒకచోట దాచి అందరికీ పంచే సాధనం.) కాదన్నాను. ఆ మాట వాడిని ఓదార్చడానికి అన్నది కాదు. ఈ వ్యాసం రాస్తున్నది కూడా అది చెప్పడానికే: లైను చివర ఏముండాలన్నది ఒక్కో మనిషి ల్యాప్‌టాప్‌లోని సెట్టింగ్‌కు వదిలేసే విషయం కాదు. అది ప్రాజెక్టులోనే రాసి ఉండాలి, ఫైళ్లతో పాటు ప్రయాణం చేయాలి. మా ప్రాజెక్టులో అలా రాసి లేదు. ఆ తప్పు ముగ్గురిదీ, అందులోనూ ప్రాజెక్టు మొదలుపెట్టిన నాది ఎక్కువ.

ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో టైపు నేర్చుకున్న వాళ్లకు చెప్పక్కర్లేదు. నేను ఇంటర్ సెలవుల్లో టైపు లోయర్‌కు వెళ్లాను. లైను చివరికి వచ్చేసరికి గంట టంగుమంటుంది. ఎడమవైపున్న మీట పట్టుకుని లాగితే రెండు పనులు ఒకేసారి జరుగుతాయి. కాగితం ఒక వరుస పైకి జరుగుతుంది, క్యారేజీ మొదటికి వస్తుంది. చేతికి అది ఒకటే పని. తీగ మీద వచ్చే అక్షరాలను అచ్చుకొట్టే టెలిటైప్ యంత్రాలకు మాత్రం ఇవి రెండు వేర్వేరు ఆదేశాలు. 1963లో వచ్చిన మోడల్ 33 టెలిటైప్ సెకనుకు పది అక్షరాలు కొడుతుంది. అచ్చు తల కుడి అంచు నుంచి ఎడమ అంచుకు రావడానికి ఒక అక్షరం కొట్టే సమయం చాలదు. అందుకని ముందు సీఆర్ పంపి, వెంటనే ఎల్ఎఫ్ పంపితే, కాగితం జరిగేలోగా తల కూడా ఇంటికి చేరుతుంది. ఒక్కో అక్షరానికి ఒక్కో అంకె ఇచ్చే ఆస్కీ పట్టికలో సీఆర్‌కు 13, ఎల్ఎఫ్‌కు 10.

ఆ తర్వాత దారులు చీలాయి. మల్టిక్స్ అనే పాత ఆపరేటింగ్ సిస్టం తయారుచేసిన వాళ్లు, ఫైల్లో ఒక్క ఎల్ఎఫ్ చాలు, యంత్రానికి రెండు కావాలంటే పంపేటప్పుడు డ్రైవర్ ప్రోగ్రాం కలుపుకుంటుంది అన్నారు. యూనిక్స్ అదే పట్టుకుంది, లినక్స్‌కు అదే వచ్చింది. సీపీఎం అనే ఇంకో ఆపరేటింగ్ సిస్టం, యంత్రం అడిగిన రెండింటినీ ఫైల్లోనే ఉంచింది. 1981లో వచ్చిన ఎంఎస్ డాస్ ఆ పద్ధతి తీసుకుంది, విండోస్‌కు అదే వారసత్వం. పాత మ్యాక్‌లు సీఆర్ ఒక్కటే వాడేవి. మ్యాక్ ఓఎస్ టెన్ నుంచి ఎల్ఎఫ్‌కు మారాయి. ఎవరూ తప్పు చేయలేదు. ఈమెయిల్ ప్రమాణాల్లో ఈరోజుకీ లైను చివర సీఆర్, ఎల్ఎఫ్ రెండూ ఉండాలి. విండోస్ నోట్‌ప్యాడ్‌కు ఎల్ఎఫ్ ఒక్కటే ఉన్న ఫైలు చూపించడం 2018లో వచ్చింది. అప్పటిదాకా లినక్స్ ఫైలు అందులో తెరిస్తే మొత్తం ఒకే లైనుగా కనిపించేది.

మా ఇంట్లో ఇలాంటిదే ఇంకో తేడా రోజూ చూస్తుంటాను. మా అమ్మాయి ఆరో తరగతి. బళ్లో ఒడియా, ఇంట్లో తెలుగు. ఒడియాలో వాక్యం ముగిస్తే నిలువు గీత పెడతారు, పూర్ణచ్ఛేదం. తెలుగులో చుక్క. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రాంతం ఏర్పడి బరంపురం మద్రాసు నుంచి ఇటు వచ్చినప్పటి నుంచీ ఇక్కడి తెలుగు పిల్లలకు ఈ రెండూ అలవాటే. మా అమ్మాయి రెండో తరగతిలో ఉండగా తెలుగు నోటుబుక్కులో ప్రతి వాక్యం చివరా నిలువు గీతలు పెట్టేది. వాళ్ల నానమ్మ వాటిని చెరిపి చుక్కలు పెట్టించేది. ఇప్పుడు తడబడదు. ఎలా గుర్తుంచుకుంటావని ఒకసారి అడిగాను. "నేనేం గుర్తుపెట్టుకోను నాన్నా. అట్ట మీద తెలుగు అని ఉంటే చుక్క, ఒడియా అని ఉంటే గీత" అంది.

గిట్‌లో ఆ అట్ట పేరు గిట్‌ఆట్రిబ్యూట్స్. ముందు ఒక చుక్క పెట్టి ఆ పేరుతో ఒక ఫైలు ప్రాజెక్టు మొదటి ఫోల్డర్‌లో పెడతాం. చాలామంది దీని జోలికి పోరు. దానికి బదులు ఆటోసీఆర్ఎల్ఎఫ్ అనే సెట్టింగ్ మీద ఆధారపడతారు. విండోస్‌లో గిట్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు అది ఒక ప్రశ్న అడుగుతుంది: ఫైళ్లు దించేటప్పుడు విండోస్ పద్ధతిలోకి మార్చి, ఎక్కించేటప్పుడు యూనిక్స్ పద్ధతిలోకి మార్చాలా, ఎక్కించేటప్పుడు మాత్రమే మార్చాలా, అసలు ముట్టుకోవద్దా? ఇన్‌స్టాల్ చేసేవాళ్లలో ఎక్కువమంది నెక్స్ట్ నొక్కుకుంటూ పోతారు. తమ్ముడు మాత్రం ఆగి చదివాడు, నా ఫైళ్లను ఎవరూ ముట్టుకోకూడదనే మంచి ఉద్దేశంతో మూడోది ఎంచుకున్నాడు. ఆ జవాబు వాడి ల్యాప్‌టాప్‌లోనే ఉండిపోతుంది. నాకు కనపడదు, విశాఖ ఆవిడకు కనపడదు, సర్వర్‌కు కనపడదు. ముగ్గురి ఫలితం ఒకటి కావాలంటే ముగ్గురి జవాబులూ సరిపడాలి. కొత్తగా నాలుగో మనిషి వస్తే నాలుగూ సరిపడాలి. ఇది పద్ధతి కాదు, అదృష్టం.

గిట్‌ఆట్రిబ్యూట్స్‌లో రాసిన మాట మనిషి సెట్టింగ్‌కన్నా పైది. ఎవరు ఏ జవాబిచ్చినా గిట్ దీన్నే వింటుంది. మా ఫైల్లో ఇప్పుడు మొదటి లైను: స్టార్, టెక్స్ట్ ఈక్వల్ టు ఆటో. అంటే చూడ్డానికి టెక్స్ట్‌లా ఉన్న ప్రతిదాన్నీ రిపోలో, అంటే గిట్ ఫైళ్లు దాచే ఉమ్మడి చోట, ఎల్ఎఫ్‌గానే దాచు అని. ఇక్కడితో ఆగిపోయిన ప్రాజెక్టులు చాలా చూశాను. ఇది సగం పనే. రిపోలో ఏముండాలో చెప్పింది గానీ, మనిషి ల్యాప్‌టాప్‌లోకి దిగినప్పుడు ఏముండాలో చెప్పలేదు. విండోస్‌లో దించుకుంటే షెల్ స్క్రిప్ట్‌కు (లినక్స్ ఆదేశాలు రాసిన ఫైలు) మళ్లీ సీఆర్‌లు పడొచ్చు. గిట్ ద్వారానే వెనక్కి వస్తే ఫరవాలేదు. కానీ ఫైళ్లు ఎప్పుడూ గిట్ ద్వారానే కదలవు కదా. జిప్ చేసి వాట్సాప్‌లో పంపుతాం, పెన్‌డ్రైవ్‌లో పట్టుకుపోతాం, డాకర్ ఇమేజ్‌లోకి (సాఫ్ట్‌వేర్‌ను దానికి కావాల్సినవాటితో కలిపి కట్టిన మూట) నేరుగా కాపీ చేస్తాం. అప్పుడు ఆ సీఆర్‌లు కూడా వెళతాయి. అందుకే రెండో లైను తప్పనిసరి: ఎస్‌హెచ్ అని ముగిసే ఫైళ్లన్నీ టెక్స్ట్, ఈఓఎల్ (అంటే లైను చివర) ఈక్వల్ టు ఎల్ఎఫ్. ఏ యంత్రం మీద దించినా ఎల్ఎఫ్‌గానే దిగుతాయి. సెట్టింగ్స్ ఫైళ్లకూ అదే రాశాం. ఆ లైను ముందే ఉంటే ఆ సోమవారం ఫోను వచ్చేది కాదు.

డాకర్ సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. కంటెయినర్, అంటే ఆ ఇమేజ్‌ను నడిపే పెట్టె, మొదలుపెట్టగానే "అలాంటి ఫైలు లేదు" అని వస్తుంది. లోపలికి వెళ్లి చూస్తే ఫైలు ఉంటుంది, అనుమతులు ఉంటాయి. గంటలు గంటలు పోతాయి. లేనిది ఆ ఫైలు కాదు. స్క్రిప్ట్ మొదటి లైనులో హ్యాష్, ఆశ్చర్యార్థకం తర్వాత ఏ ప్రోగ్రాంతో నడపాలో రాసి ఉంటుంది కదా, లినక్స్ గుండెకాయ అయిన కర్నెల్ ఆ లైనును ఎల్ఎఫ్ దాకా చదువుతుంది. చివరి సీఆర్ కూడా ప్రోగ్రాం పేరులో కలిసిపోతుంది. స్క్రిప్ట్ నడిపే ప్రోగ్రాం బ్యాష్. "బ్యాష్, చివర సీఆర్" అనే ప్రోగ్రాం ప్రపంచంలో ఎక్కడా లేదు. ఆ లేని దాని గురించే కర్నెల్ చెబుతోంది. పైథాన్ ఫైలుకు కూడా ఇదే జరుగుతుంది. పైథాన్‌కు లైను చివర ఏదైనా ఒకటే, కానీ మొదటి లైను చదివేది పైథాన్ కాదు. అయినా ఈ తప్పు నయం, గట్టిగా అరుస్తుంది. మాకు జరిగినట్టు ఏ చప్పుడూ లేకుండా పాసైపోయేదే ప్రమాదం.

అలాగని అన్నీ ఎల్ఎఫ్ చేసేయమని నేను అనను. అలా అనేవాళ్లు విండోస్ బ్యాచ్ ఫైళ్లు (బ్యాట్ అని ముగిసే ఆదేశాల ఫైళ్లు) రాసి ఉండరు. ఎల్ఎఫ్ ఒక్కటే ఉన్న బ్యాచ్ ఫైల్లో గోటూ, కాల్ ఆదేశాలు వెతికే లేబుళ్లు కొన్నిసార్లు దొరకవు. పైన ఎక్కడో ఒక కామెంట్ కలిపితే దొరుకుతుంది, తీసేస్తే పోతుంది, ఎందుకంటే ఫైలును విండోస్ ముక్కలు ముక్కలుగా చదువుతుంది, లేబుల్ ఏ ముక్క అంచున పడిందన్నదాన్ని బట్టి ఉంటుంది. దుకాణంలో ప్రింటర్ సిద్ధం చేసే మా బ్యాచ్ ఫైలు ఇలాగే ఒకసారి పనిచేసి ఒకసారి మొరాయించేది. కాబట్టి మూడో లైను: బ్యాట్ ఫైళ్లకు ఈఓఎల్ ఈక్వల్ టు సీఆర్ఎల్ఎఫ్. బొమ్మలకు, ఫాంట్లకు బైనరీ అని రాస్తాం, వాటిలో 13 అనే అంకె ఉంటే అది లైను చివర కాదు. చుక్క గొప్పదా, గీత గొప్పదా అన్న తగువు నాకు లేదు. ఏ నోటుబుక్కుకు ఏదో రాసి ఉండాలి, అంతే.

ఇలా అన్నప్పుడల్లా నాకు వచ్చే మొదటి అభ్యంతరం, "అందరూ లినక్స్‌కు మారిపోతే సరి." మా దగ్గర ఇది కుదరదు. బరంపురంలో దుకాణం కంప్యూటరు విండోస్, కాలేజీ ల్యాబు విండోస్, పర్లాకిమిడిలో తమ్ముడు ఈఎంఐ మీద కొన్న ల్యాప్‌టాప్ విండోస్. బెంగళూరులో కంపెనీ ఇచ్చే మ్యాక్ మీద కూర్చుని ఆ మాట అనడం తేలిక. విండోస్ లోపలే లినక్స్ నడిపే డబ్ల్యూఎస్ఎల్ పెట్టుకున్నా, విండోస్ వైపు దించిన ఫోల్డర్‌ను అటు నుంచి తెరిస్తే సీఆర్‌లు అక్కడే ఉంటాయి. గిట్‌కు ఒక్క అక్షరం ముట్టుకోని ఫైళ్లు కూడా మారినట్టు కనిపిస్తాయి.

రెండోది కాస్త ఆలోచించాల్సిన అభ్యంతరం. బిల్డ్ మొదట్లోనే డాస్‌టుయూనిక్స్ అనే ప్రోగ్రాం నడిపి సీఆర్‌లన్నీ తుడిచేస్తే సరిపోదా? నేను రెండేళ్లు అదే చేశాను, కాబట్టి దాని లోపం అనుభవంతో చెబుతున్నా. తుడిచే స్క్రిప్ట్‌లోనే సీఆర్‌లు పడితే దాన్ని తుడిచేవారు లేరు. తుడిచే జాబితాలో లేని కొత్త రకం ఫైలు వస్తే అది తప్పించుకుంటుంది. మా సెట్టింగ్స్ ఫైలు అలాగే తప్పించుకుంది, జాబితాలో ఎస్‌హెచ్ ఫైళ్లే ఉన్నాయి. అన్నిటికన్నా ముఖ్యంగా, రిపోలో ఉన్నదీ బిల్డ్ అయినదీ ఒకటి కాకుండా పోతాయి. రెండు చోట్ల ఫైలు హ్యాష్ (లోపలి అక్షరాల నుంచి లెక్కగట్టే గుర్తు సంఖ్య) తీసి పోలిస్తే సరిపడవు. ఇల్లు కారుతుంటే గిన్నె పెట్టడం లాంటిది అది. గిన్నె వద్దనను, బయటి నుంచి వచ్చే ఫైళ్లకు అది కావాలి. ఆడిటర్ గారు ఎక్సెల్ నుంచి తీసి పంపే సీఎస్‌వీలో (కామాలతో విడదీసిన పట్టిక ఫైలు) సీఆర్, ఎల్ఎఫ్ రెండూ ఉంటాయి, ఉండటమే దాని ధర్మం. దాన్ని చదివే చోట మా కోడ్ చివరి సీఆర్‌ను తీసేస్తుంది. ఇంటి లోపలి ఫైళ్లకు మాత్రం పైకప్పు బాగుచేసుకోవాలి.

"ఇప్పటి ఎడిటర్లు అన్నీ చూసుకుంటాయి" అని మూడో మాట. ఎడిటర్లు చూసుకోవు, దాస్తాయి. రెండు రకాల ఫైళ్లనూ ఒకేలా చూపిస్తాయి. తెలుగు టైపు చేసే మనకు ఇది తెలిసిన బాధే. "సాఫ్ట్‌వేర్" అని రాసేటప్పుడు పొల్లు తర్వాత అక్షరం కిందికి ఒత్తుగా పోకుండా మధ్యలో కనిపించని ఒక అక్షరం పెడతాం. ఒకరు పెట్టి, ఒకరు పెట్టకపోతే ఒక్కోసారి కంటికి ఒకేలా కనిపిస్తుంది గానీ వెతికితే దొరకదు. షావుకారు గారి కస్టమర్ల పట్టికలో ఒకే పేరు రెండుసార్లు చేరి, బాకీ రెండు చోట్ల చీలిపోయిన సందర్భం ఒకటి నేనే సరిచేశాను. కంటికి కనిపించనిదాన్ని కంటితో కాపలా కాయలేం.

పాత ప్రాజెక్టులో ఇది పెట్టడానికి ఒక ఖర్చు ఉంది, అది దాచను. గిట్‌ఆట్రిబ్యూట్స్ పెట్టినంత మాత్రాన రిపోలో అప్పటికే ఉన్న సీఆర్‌లు పోవు. గిట్ యాడ్‌కు రీనార్మలైజ్ అనే ఆప్షన్ 2018 జనవరిలో వచ్చిన 2.16 వెర్షన్ నుంచి ఉంది. అది నడిపితే అన్నీ ఒక్కసారిగా మారి పెద్ద కమిట్ (గిట్‌లో ఒక్కసారిగా నమోదయ్యే మార్పు) ఒకటి తయారవుతుంది. ఆ తర్వాత ఏ లైను ఎవరు రాశారని బ్లేమ్ అనే గిట్ ఆదేశాన్ని అడిగితే ఆ ఫైళ్లలో ప్రతి లైనూ ఆ కమిట్ చేసిన వాళ్ల పేరు మీదే వస్తుంది. 2019లో వచ్చిన 2.23 నుంచి ఫలానా కమిట్లను పక్కన పెట్టి చూపించమని బ్లేమ్‌కు చెప్పొచ్చు. మేం అలాగే చేశాం. ఇంకొకటి, అప్పటికే ఎవరైనా సగం పనిలో ఉంటే వాళ్ల మార్పులన్నీ ఘర్షణ పడతాయి. అందుకని ముగ్గురం ఒక శుక్రవారం సాయంత్రం పనులన్నీ కలిపేసి, ఆ రాత్రి ఎవరూ ఏమీ ముట్టుకోకూడదని మాట అనుకుని ఆ కమిట్ చేశాం. నలభై నిమిషాలు పట్టింది.

ఆ మర్నాడు బిల్డ్ స్క్రిప్ట్‌లో రెండు తనిఖీలు పెట్టాను. గిట్‌లో ఎల్ఎస్ ఫైల్స్ అనే ఆదేశానికి ఈఓఎల్ అని ఒక ఆప్షన్ ఉంది. ప్రతి ఫైలు రిపోలో ఏ పద్ధతిలో ఉంది, డిస్క్ మీద ఏ పద్ధతిలో ఉంది, గిట్‌ఆట్రిబ్యూట్స్ ఏం చెప్పింది అన్నీ వరుసగా చూపిస్తుంది. ఆ జాబితాలో ఏ షెల్ స్క్రిప్ట్ పక్కన అయినా, ఏ సెట్టింగ్స్ ఫైలు పక్కన అయినా సీఆర్ఎల్ఎఫ్ కనిపిస్తే బిల్డ్ అక్కడే ఆగుతుంది, ఏ ఫైలో తెలుగులో చెబుతుంది. రెండోది లైను చివరలకు సంబంధం లేనిది, కానీ ఆ సోమవారం నేర్పినదే: ఎక్కించడం అయ్యాక నడుస్తున్న సాఫ్ట్‌వేర్‌ను నీ వెర్షన్ ఎంత అని అడిగి, బిల్డ్ చేసిన వెర్షన్‌తో పోల్చి చూస్తుంది. సరిపడకపోతే పాసైందని చెప్పదు. ఫోల్డర్ పేరు కూడా ఇప్పుడు ఒక్క చోటే రాసి ఉంది, రెండు స్క్రిప్ట్‌లూ అక్కడి నుంచే తీసుకుంటాయి.

డిసెంబరులో ఇక్కడి కాలేజీ నుంచి ఒక విద్యార్థిని ఇంటర్న్‌షిప్‌కు చేరింది. ల్యాబు కంప్యూటర్‌లో ఎవరో ఎప్పుడో పెట్టిన గిట్, దాంట్లో ఏ సెట్టింగ్ ఉందో ఆ అమ్మాయికి తెలియదు. మొదటి రోజు మా ప్రాజెక్టు దించుకుని, ఒక సెట్టింగ్స్ ఫైలు కలిపి పంపింది. ఈఓఎల్ జాబితా తీసి చూశాను. రిపోలో ఎల్ఎఫ్. ల్యాబులో ఏం పెట్టుకున్నావని అడిగితే, "ఏమైనా పెట్టుకోవాలా సార్?" అంది. అక్కర్లేదన్నాను.